హార్మోన్లు, గ్రాహకాలు, ఒక పచ్చడి సీసా

(పింఛనుదారుల దినోత్సవం నాడు వికారాబాద్‌లో జరిగిన మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఏటా ఈ రోజున తలచుకొంటాం. పింఛను దయాభిక్ష కాదు, హక్కు అన్న తీర్పు అది. దాని గురించి, కరువు భృతి బకాయిల గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ముగ్గురున్నారు. కార్యదర్శి గారు నన్ను ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. బి.పి., షుగరు అనుకొని ఉంటారు. వాటి మీద మీరు నాకే పాఠం చెప్పగలరు. అందుకని వేరే విషయం ఎత్తుకొంటున్నాను. ఇందులో మా ఇంటి సంగతి ఒకటి ఉంది. మా ఇంటావిడ అనుమతి తీసుకొనే చెప్తున్నాను. ఆవిడ రెండో వరుసలోనే కూర్చున్నది. తప్పు చెప్తే అక్కడి నుండే దిద్దుతుంది.

నన్ను ఎరగనివారి కోసం ఒక మాట. నేను ఆరోగ్య శాఖలో ల్యాబ్ టెక్నీషియన్‌గా 1973లో చేరి, 2008లో పదవీ విరమణ చేశాను. మొదటి ఏళ్లు అనంతగిరి గుట్ట మీది టి.బి. ఆస్పత్రిలో గడిచాయి. పొద్దస్తమానం కఫం స్లైడ్లకు ఎర్ర రంగు పట్టించి, కాచి, కడిగి, సూక్ష్మదర్శినిలో సన్నని ఎర్ర పుల్లల వంటి క్రిములను లెక్కబెట్టడమే పని. తర్వాత తాండూరులో చాలా కాలం పనిచేశాను. పెద్ద చదువు చదివినవాణ్ని కాను. నేను చెప్పేదంతా చేత్తో చేసింది, కంటితో చూసింది, ఇంట్లో కష్టం వచ్చాక పుస్తకాలు తెప్పించుకొని చదివింది.

ముందు హార్మోను అంటే ఏమిటో చూద్దాం. ఒంట్లో ఒకచోట పుట్టి, రక్తంలో కలిసి, మరోచోట పని చేయించే పదార్థం. ఇన్సులిన్ అలాంటిదే, థైరాయిడ్ హార్మోను అలాంటిదే, ఆడవారి అండాశయంలో పుట్టే ఈస్ట్రోజెన్ అలాంటిదే. రక్తం ఒళ్లంతా తిరుగుతుంది కదా, మరి ఈస్ట్రోజెన్ గర్భాశయం మీద, రొమ్ము మీద ఎక్కువగా పనిచేసి, మోకాలి చిప్పనో ముక్కు దూలాన్నో ఎందుకు అంతగా పట్టించుకోదు?

మన సభలో రైల్వే మిత్రులున్నారు. వికారాబాద్ నుండి బీదర్ మీదుగా పర్లి పోయే లైను ఒంటి లైను. పాత రోజుల్లో ఒంటి లైన్ల మీద స్టేషను మాస్టరు చేతి నుండి ఇనుప బంతి అందితేగాని డ్రైవరు బండి కదిలించేవాడు కాదు. ఆ బంతి కూడా ఏ సెక్షనుకు ఆ సెక్షనుదే. పక్క సెక్షను యంత్రంలో వేద్దామంటే గాడి కుదరదు, పడదు. హార్మోను ఆ బంతి వంటిది. ఆ బంతి పట్టే గాడి ఏ కణంలో ఉంటే ఆ కణమే దాని మాట వింటుంది. ఆ గాడినే రిసెప్టరు అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో గ్రాహకం అని రాస్తారు. అదొక ప్రోటీను. ఈస్ట్రోజెన్ వచ్చి దానిలో కూర్చుంటే అది కేంద్రకంలోని జన్యువుల మీద చేయి వేసి, పెరుగు, విభజన చెందు అని చెప్తుంది. మంచి కణానికైతే అది అవసరమైన ఆజ్ఞ. క్యాన్సరు కణానికి అదే ఆజ్ఞ అందితే అగ్గికి ఆజ్యం.

ఇది తెలియక ముందే ఒక డాక్టరు చేత్తో చేసి చూశాడు. స్కాట్లండులోని గ్లాస్గోలో జార్జి బీట్సన్ అనే సర్జను 1896లో ఒక సంగతి ప్రకటించాడు. ముదిరిన రొమ్ము క్యాన్సరు ఉన్న స్త్రీకి అండాశయాలు తీసివేస్తే గడ్డ కరిగిందట. హార్మోను అన్న మాటే అప్పటికి పుట్టలేదు. తర్వాత చాలామంది సర్జన్లు ఆ పని చేశారు. ముగ్గురిలో ఒకరికి గుణం కనబడేది, ఇద్దరికి కనబడేది కాదు. ఆ ఒక్కరు ఎవరో ముందుగా చెప్పే దారి లేదు. మిగిలిన ఇద్దరు ఊరికే కోత పడ్డట్టే.

దారి చూపినవాడు అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయం రసాయన శాస్త్రజ్ఞుడు ఎల్వుడ్ జెన్సెన్. హార్మోను కణాన్ని ఏం చేస్తుందని అందరూ వెతుకుతుంటే, కణం హార్మోనును ఏం చేస్తుందని ఆయన అడిగాడు. ఈస్ట్రోజెన్‌కు ట్రీషియం అనే రేడియోధార్మిక గుర్తు తగిలించి, ఈడు రాని ఆడ ఎలుకలకు ఎక్కించి, ఎక్కడ నిలుస్తుందో చూశాడు. రక్తంలోంచి అది త్వరగానే పోయింది. గర్భాశయంలో మాత్రం మార్పు లేకుండా అంటిపెట్టుకొని ఉండిపోయింది. పట్టుకొనే వస్తువేదో అక్కడ ఉన్నదన్న మాట. 1958లో వియన్నాలో ఒక మహాసభలో ఈ సంగతి చదివితే వినడానికి వచ్చినవారు అయిదుగురనీ, అందులో ముగ్గురు అదే సభలో మాట్లాడవలసినవారేననీ ఆయనే తర్వాత చెప్పుకొన్నాడు. మనం ఈరోజు అంతకంటే నయం. 2004లో ఆయనకు లాస్కర్ బహుమతి వచ్చింది. నోబెల్ రాకుండానే 2012లో, 92వ ఏట పోయాడు. నా మట్టుకు నాకు అది అన్యాయం అనిపిస్తుంది.

గడ్డలో గ్రాహకం ఉంటే హార్మోను ఆపే వైద్యం పనిచేస్తుంది, లేకపోతే చేయదు. జెన్సెన్ పనితో ఇది తేలింది. కాని ఆ రోజుల్లో పరీక్ష చాలా బరువైనది. తీసిన ముక్కను వెంటనే గడ్డకట్టించాలి, నూరాలి, రేడియోధార్మిక హార్మోను కలిపి లెక్కగట్టాలి. పెద్ద నగరాల్లో పెద్ద సంస్థలకే సాధ్యం. ఆ పరీక్ష మామూలు ల్యాబుకు దిగి రావడానికి కారణం ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు. అక్కడే నా వృత్తి మొదలవుతుంది.

మన ఒంట్లోకి పరాయి వస్తువు వస్తే దానికి సరిగ్గా అతుక్కొనేలా శరీరం ఒక ప్రోటీను తయారు చేస్తుంది. అదే ప్రతిరక్షకం. దాన్ని పనిముట్టుగా వాడుకోవచ్చని నాకు మొదట తెలిసింది గర్భ పరీక్ష వల్ల. ఇంతకు ముందటి తరంలో ఆడవారి మూత్రం కప్పకు ఎక్కించి చూసేవారు. నా కాలానికి గ్రావిండెక్స్ అనే స్లైడు పరీక్ష వచ్చింది. గర్భిణి మూత్రంలో ఉండే హార్మోనుకు కుందేలులో తయారు చేసిన ప్రతిరక్షకం ఒక సీసాలో, అదే హార్మోను పూసిన సన్నని రేణువులు మరో సీసాలో ఉండేవి. నల్ల గాజు పలక మీద మూత్రం చుక్కకు ప్రతిరక్షకం కలిపి, తర్వాత రేణువులు కలిపి, పలకను మెల్లగా ఊపాలి. మూత్రంలో హార్మోను ఉంటే ప్రతిరక్షకం దానితోనే సరిపోతుంది, రేణువులు పాలలా నునుపుగా ఉండిపోతాయి. లేకపోతే రేణువులు విరిగిన పాలలా గడ్డలు కడతాయి. అంటే గడ్డ కట్టకపోతేనే శుభవార్త. కొత్తగా వచ్చిన నర్సులకు ఇది తిరకాసుగా ఉండేది.

మా సీనియరు ఒకాయన, పోయి చాలా ఏళ్లయింది, నాకొక అలవాటు నేర్పాడు. రోగి చుక్క పక్కన ఎప్పుడూ మరో రెండు చుక్కలు పెట్టాలి. ఒకటి గర్భం ఉన్నదని తెలిసినవారిది, ఒకటి లేదని తెలిసినవారిది. వాటిని కంట్రోలు చుక్కలు అంటారు. అవి చెప్పవలసిన మాట చెప్తేనే రోగి చుక్క మాట నమ్మాలి. ఒక ఎండాకాలం తాండూరులో కరెంటు కోతలు ఎక్కువై ఫ్రిజ్ వెచ్చబడి కిట్ పాడయింది. కంట్రోలు చుక్క పలకలేదు. ఆ రోజు వచ్చిన నలుగురికీ రిపోర్టు ఇవ్వనన్నాను. బషీరాబాద్ నుండి ఎడ్లబండి మీద వచ్చిన ఒక పెద్దాయన నన్ను నానా మాటలన్నాడు. ఇవ్వనంటే ఇవ్వనన్నాను. ఆ సంగతి గొప్పగా చెప్పుకొనేవాణ్ని. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

ఇన్సులిన్ తీసుకొనే మిత్రుల కోసం ఒక పిడకల వేట. రక్తంలో హార్మోను ఎంతుందో కొలిచే పద్ధతి మీ జబ్బు నుండే పుట్టింది. న్యూయార్కులో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అనే ఇద్దరు, ఇన్సులిన్ ఇంజక్షన్లు తీసుకొనేవారి రక్తంలో దానికి అతుక్కొనే ప్రతిరక్షకం పుడుతుందని 1956లో చూపారు. అంత చిన్న ప్రోటీనుకు ప్రతిరక్షకమా అని పత్రికవారు నమ్మలేదు, శీర్షికలోంచి ఆ మాట తీసేస్తేగాని అచ్చు వేయలేదు. ఆ ప్రతిరక్షకాన్నే తక్కెడగా చేసుకొని వారు హార్మోన్లను తూచారు. బెర్సన్ 1972లోనే పోయాడు. యాలోకు 1977లో నోబెల్ వచ్చింది.

కుందేలులో తీసిన ప్రతిరక్షకంతో ఒక చిక్కుంది. అది ఒక్క రకం కాదు, గుంపు. జాతరలో జనం వంటిది. ఒకడు చేయి పట్టుకొంటాడు, ఇంకొకడు చొక్కా పట్టుకొంటాడు, మరొకడు పొరపాటున పక్కవాణ్ని పట్టుకొంటాడు. కుందేలు పోతే మళ్లీ అదే సరుకు దొరకదు. 1975లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జార్జి కోలర్, సీజర్ మిల్‌స్టీన్ దీనికి మందు కనిపెట్టారు. ప్రతిరక్షకం చేసే చిట్టెలుక ప్లీహ కణాన్ని, చావు లేకుండా పెరిగే క్యాన్సరు కణంతో కలిపేశారు. మామిడికి అంటు కట్టినట్టే అనుకోండి. ఒకదాని గుణం, మరొకదాని ఆయుష్షు. ఒక్క కణం సంతతి నుండి ఒక్క రకం ప్రతిరక్షకం ఎన్నేళ్లైనా వస్తుంది. దాన్నే మోనోక్లోనల్ అంటారు. 1984లో వారికి నోబెల్ వచ్చింది. మన హైదరాబాదులోనే డాక్టర్ రెడ్డీస్ వారు రక్తపు క్యాన్సరుకు వాడే ఇటువంటి ప్రతిరక్షకాన్ని 2007లో మందుగా తెచ్చారు.

షికాగోలో జెన్సెన్ దగ్గరే జాఫ్రీ గ్రీన్ అనే ఆయన 1977లో ఈస్ట్రోజెన్ గ్రాహకానికి ప్రతిరక్షకం తయారు చేశాడు, 1980లో మోనోక్లోనల్ రకం కూడా చేశాడు. దానితో మొదట జరిగింది పాత పాఠం దిద్దుకోవడం. హార్మోను లేనప్పుడు గ్రాహకం కేంద్రకం బయట తిరుగుతుందని, హార్మోను వచ్చాక లోపలికి పోతుందని అప్పటిదాకా రాసుకొన్నారు. ప్రతిరక్షకంతో రంగు వేసి చూస్తే అది హార్మోను లేనప్పుడు కూడా కేంద్రకంలోనే కూర్చొని కనబడిందని 1984లో తేలింది. కణాన్ని నూరడం వల్లే అది బయట కనబడేదట. ఇల్లు కూల్చి, సామాను వీధిలో ఉందని రాసుకొన్నట్టు.

ఇప్పుడు ఆ పరీక్ష ఎలా చేస్తారో చెప్తాను, ఎందుకంటే కథ అంతా అందులోనే ఉంది. గడ్డ ముక్కను ఫార్మలిన్‌లో వేస్తారు. అది మాంసం కుళ్లకుండా బిగబట్టి ఉంచుతుంది. తర్వాత మైనంలో పోతపోసి దిమ్మ చేస్తారు, దాన్నే బ్లాకు అంటారు. దాన్ని మిల్లీమీటరులో వెయ్యో వంతులు నాలుగు ఉండేంత పలుచగా కోస్తారు. తాండూరులో బండను పలకలుగా కోసినట్టే, కాని ఇక్కడ పలక ఊపిరి తగిలితే ఎగిరిపోతుంది. ఫార్మలిన్ బిగించిన బిగింపుకు గ్రాహకం ముఖం మూసుకుపోతుంది కనుక స్లైడును వేడి నీటిలో ఉడికించి తెరిపించాలి. 1990ల నుండి దానికి ప్రెషర్ కుక్కరు కూడా వాడుతున్నారు. మన వంటింటి కుక్కరే. మా ఆవిడకు ఇది చెప్తే, ఇన్ని కోట్ల సామానులో చివరికి నా కుక్కరే పనికొచ్చిందా అన్నది.

ఆ తర్వాత గ్రాహకానికి అతుక్కొనే ప్రతిరక్షకం పోస్తారు. దాన్ని పట్టుకొనే రెండో ప్రతిరక్షకం దాని మీద పోస్తారు. ఈ రెండోదాని వీపున ముల్లంగికి దూరపు చుట్టమైన ఒక దుంప నుండి తీసిన ఎంజైము కట్టి ఉంటుంది. రంగుమందు పోస్తే ఆ ఎంజైము ఉన్నచోట గోధుమ రంగు తేలుతుంది. మిగతా కేంద్రకాలన్నీ నీలం. గోధుమ రంగు కేంద్రకాలు నూటికి ఒకటి ఉన్నా చాలు, గ్రాహకం ఉన్నట్టే లెక్క అని అమెరికా నిపుణులు 2010లో నియమం పెట్టారు. ముక్కను గంటలోపు ఫార్మలిన్‌లో వేయాలని, 6 గంటలకు తక్కువ, 72 గంటలకు ఎక్కువ ఉంచరాదని కూడా అందులోనే రాశారు.

2011 దసరా ముందు మా ఇంటావిడకు ఎడమ రొమ్ములో గడ్డ కనబడింది. ఆమెకు అప్పుడు 56 ఏళ్లు. అంతకు మూడు నెలల ముందే ఆమెకు తెలుసట, బతుకమ్మ అయ్యాక చెప్దామనుకొన్నదట. ఒక నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ చేయించాం. ఊరు, పేరు అనవసరం. సర్జను మంచివాడు. తీసిన గడ్డను అక్కడి కుర్రవాడు తెచ్చి నా చేతికిచ్చాడు. పట్నం ల్యాబులో ఇవ్వండి అన్నాడు. అది ఒక పచ్చడి సీసా. గడ్డ నిమ్మకాయ కంటే పెద్దది, కోయకుండా అలాగే ఉంది. ఫార్మలిన్ దాన్ని ముంచీ ముంచనట్టుంది. ముక్కకు పదింతలు ఫార్మలిన్ ఉండాలి. పెద్ద ముక్కనైతే చీల్చి వేయాలి, ఎందుకంటే అది లోపలికి గంటకు మిల్లీమీటరు చొప్పున కూడా సరిగా దిగదు. ఇవన్నీ నేను 35 ఏళ్లు పదిమందికి చెప్పిన మాటలే. ఆ రోజు నా కంటికి సీసా కనబడింది, సీసాలో ఏముందో కనబడలేదు. కండువాలో చుట్టుకొని రైలెక్కాను. ల్యాబుకు పండుగ సెలవులు. మా బంధువుల ఇంట్లో మెట్ల కింద పెట్టి, మూడో రోజు ఇచ్చి వచ్చాను.

రిపోర్టు వచ్చింది. క్యాన్సరు. ఈస్ట్రోజెన్ గ్రాహకం లేదు, ప్రొజెస్టిరాన్ గ్రాహకం లేదు. లేదంటే హార్మోను మాత్రలు పనిచేయవని అర్థం, కీమోథెరపీ ఒక్కటే దారి. చేయించాం. జుట్టు పోయింది, గోళ్లు నల్లబడ్డాయి, చేతులు తిమ్మిరెక్కాయి. ఆరు విడతలూ ఓర్చుకొన్నది. ఆ తర్వాత ఇంకేం మందు లేదన్నారు, చూస్తూ ఉందామన్నారు. ఆ చూస్తూ ఉండడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుసు.

ఎనిమిది నెలల తర్వాత పట్నంలో చూపించుకోవడానికి పోతే పెద్ద డాక్టరు సెలవులో ఉన్నాడు. ఒక చిన్నమ్మాయి, మా మనవరాలి కంటే నాలుగేళ్లు పెద్దదేమో, ఫైలు మొదటి నుండి తిరగేసింది. “సార్, ఈ స్లైడులో కంట్రోలు ఎలా వచ్చిందో రాయలేదేమి?” అని అడిగింది.

నాకు కుర్చీలో కూర్చున్నట్టే ఉంది గాని కింద నేల లేదు. గడ్డ పక్కన మామూలు రొమ్ము నాళాలు కొన్ని ఎప్పుడూ ఉంటాయి. వాటిలో గ్రాహకం ఉండే తీరాలి. అవి కూడా నీలంగానే ఉన్నాయంటే గడ్డలో గ్రాహకం లేదని కాదు, పరీక్షే పనిచేయలేదని. ఊరివాళ్ల మూత్రానికి రెండేసి కంట్రోలు చుక్కలు పెట్టినవాణ్ని, ముసలాయన తిట్టినా రిపోర్టు ఇవ్వనన్నవాణ్ని, ఇంటి మనిషి గడ్డకు కంట్రోలు ఏమైందని అడగలేదు. ఎనిమిది నెలలు ఆ కాగితం మా బీరువాలోనే ఉంది. ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు.

ఆ అమ్మాయి బ్లాకులు తెప్పించమన్నది. ఒక గడ్డ నుండి నాలుగైదు బ్లాకులు చేస్తారు. మొదటి పరీక్ష గడ్డ నడిమి ముక్క మీద జరిగింది. అక్కడికి ఫార్మలిన్ చేరేలోపే మాంసం చెడింది. నాళాలు కూడా నీలంగానే ఉన్నాయి. అంచు ముక్క మీద మళ్లీ చేస్తే నాళాలు గోధుమ రంగు, వాటి పక్కన గడ్డ కణాలు నూటికి 70 గోధుమ రంగు. గ్రాహకం మొదటి నుండీ అక్కడే ఉంది. మేం దాన్ని సీసాలో చెడగొట్టుకొన్నాం.

బయటకు వచ్చాక వరండాలో మా ఇంటావిడకు ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అందరి సీసాలు చూసిన్రు, నా సీసా ఒక్కటే చూడకపోతిరి” అన్నది. అంతే. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఆ వారమే లెట్రోజోల్ మాత్ర మొదలుపెట్టారు. ముట్లుడిగాక కూడా ఒంట్లో, ముఖ్యంగా కొవ్వులో, ఈస్ట్రోజెన్ కొద్దికొద్దిగా తయారవుతూనే ఉంటుంది. అది తయారు కాకుండా ఈ మాత్ర ఆపుతుంది. ఇంకొకటి టమాక్సిఫెన్, పాత మందు. ఇంగ్లండులో గర్భనిరోధకం కోసం వెతుకుతూ 1960లలో తయారు చేశారు. దానికి పనికిరాలేదు గాని, ఈస్ట్రోజెన్ కూర్చోవలసిన గాడిలో తాను కూర్చుంటుంది. బంతి వేయవలసిన చోట రాయి పెట్టినట్టు. గ్రాహకం ఉన్నవారు అయిదేళ్లు వాడితే ఆ జబ్బుతో పోయేవారు దాదాపు మూడో వంతు తగ్గుతారని పెద్ద లెక్కలు తేల్చాయి. గ్రాహకం లేనివారికి దానితో ఏమీ లాభం లేదు. ఒక్క గోధుమ రంగు మీద ఎంత ఆధారపడి ఉందో చూడండి.

మా ఒక్కరికేనా ఇలా అయిందని చదవడం మొదలుపెడితే కెనడా సంగతి దొరికింది. అక్కడ న్యూఫౌండ్‌లాండ్ రాష్ట్రంలో 1997 నుండి 2005 దాకా ఇదే పరీక్ష తప్పుగా జరిగింది. ఒక రోగికి మళ్లీ చేస్తే ఫలితం మారింది. అనుమానం వచ్చి పాత బ్లాకులన్నీ టొరంటో పంపితే 380 మందికి పైగా తప్పుడు రిపోర్టులు పోయాయని తేలింది. అందులో చాలామంది అప్పటికే చనిపోయారు. ప్రభుత్వం మార్గరెట్ కామెరన్ అనే న్యాయమూర్తితో విచారణ జరిపించింది, 2009లో నివేదిక వచ్చింది. అంత డబ్బున్న దేశంలో ఎనిమిదేళ్లు ఎవరికీ తెలియలేదు. మన దేశంలో ముంబయి టాటా మెమోరియల్ వారు 798 గడ్డలు చూసి 2000లో రాసిన దాంట్లో మూడింట ఒక వంతుకే ఈ గ్రాహకం కనబడింది. పాశ్చాత్య దేశాల్లో నాలుగింట మూడు వంతులకు ఉంటుంది. మనవాళ్లకు చిన్న వయసులో జబ్బు రావడం కొంత కారణం. ఫార్మలిన్ సరిగా పట్టకపోవడం కొంత కారణం అని వైద్యులే అంటారు. తర్వాత వచ్చిన లెక్కల్లో సగానికి పైగా కనబడుతున్నది. గడ్డలు మారాయా, సీసాలు మారాయా అంటే నేను సీసాల వైపే మొగ్గుతాను.

కొన్నిసార్లు తప్పు ప్రతిరక్షకంలోనే ఉంటుంది. ఈస్ట్రోజెన్‌కు రెండో గ్రాహకం ఒకటుందని స్వీడన్‌లో 1996లో కనిపెట్టారు. దానికి బీటా అని పేరు. బజారులో దానికి ఎన్నో ప్రతిరక్షకాలు వచ్చాయి, వాటితో ఎందరో పరిశోధనలు చేసి, రొమ్ములో ఉందని, అక్కడుందని, ఇక్కడుందని రాశారు. 2017లో స్వీడన్‌వారే 13 ప్రతిరక్షకాలను నిగ్గు తేల్చి చూస్తే, ఒక్కటి మాత్రమే నికరమైనది. ఆ ఒక్కదానితో చూస్తే మామూలు రొమ్ములో బీటా కనబడనే లేదు. ఇరవై ఏళ్ల కాగితాలు! అలాగని అందరూ అలా ఉండరు. టెక్సాస్‌లో వడ్లమూడి రత్న గారు, ఇంటిపేరు వినగానే మన పక్కవారే అనిపిస్తుంది, ఈస్ట్రోజెన్ గ్రాహకానికి తోడుగా నిలిచే పెల్ప్-1 అనే ప్రోటీను గురించి 2001లో తోటివారితో కలిసి రాశారు. ఆ పని ఇప్పటికీ సాగుతున్నది.

లేనిది ఉందనడం, ఉన్నది లేదనడం రెండూ మనకు తెలిసినవే. మొన్న జీవన ప్రమాణ పత్రం కోసం ఒక కేంద్రంలో నా బొటనవేలు పెడితే యంత్రం మూడుసార్లు కాదన్నది. స్టెయిన్లు, ఆసిడ్లు పట్టి నా వేలి గీతలు ఏనాడో అరిగిపోయాయి. నేను దాని ఎదురుగానే నిలబడి ఉన్నాను. అప్పుడు నాకు మా ఆవిడ గడ్డే గుర్తొచ్చింది. అక్కడి కుర్రవాడు మాత్రం తెలివైనవాడు. ముందు తన వేలు పెట్టి యంత్రం బాగుందో లేదో చూసుకొని, తర్వాత నా కంటిపాప పెట్టించాడు.

మగవారు ఇది ఆడవారి సంగతి అనుకోకండి. ప్రోస్టేట్ గ్రంథికి మగ హార్మోను అటువంటిదే. అది ఆపితే ప్రోస్టేట్ క్యాన్సరు తగ్గుతుందని 1941లో చూపిన చార్లెస్ హగిన్స్‌కు 1966లో నోబెల్ వచ్చింది. మీరు చేయించుకొనే పి.ఎస్.ఎ. పరీక్ష కూడా ప్రతిరక్షకం చేసే పనే.

ఎవరింట్లోనైనా ఈ కష్టం వస్తే చేయవలసినవి చెప్పి ముగిస్తాను. ఆపరేషన్‌కు ముందే, ముక్క ఏ సీసాలో, ఎంత ఫార్మలిన్‌లో, ఎన్ని గంటలకు ల్యాబు చేరుతుందో అడగండి. పండుగ ముందు అయితే మరీ అడగండి. ఆస్పత్రివారు విసుక్కొంటే విసుక్కోనీయండి. రిపోర్టులో కంట్రోలు గురించి రాశారా అని చూడండి, లేకపోతే రాయించండి. గ్రాహకం లేదని వస్తే, నాళాలకు రంగు పట్టిందా అని ఒక్క మాట అడగండి. మైనం బ్లాకులు మీవి. రాసిచ్చి తెచ్చుకొని దాచుకోండి. ఎన్నేళ్ల తర్వాతైనా వాటి మీద మళ్లీ పరీక్ష చేయవచ్చు. మావి పి.పి.ఓ. కాగితాల పక్కన బీరువాలో ఉన్నాయి. ఎండాకాలం మైనం మెత్తబడకుండా మా ఆవిడ వాటిని బియ్యం డబ్బా వెనుక చల్లని మూలకు మారుస్తుంది. నన్ను ముట్టనీయదు.

ఆమె మాత్రలు అయిదేళ్లు వాడి 2017లో ఆపింది. కీళ్ల నొప్పులు మిగిలాయి. ఈ ఉదయం కూడా మెట్లెక్కేటప్పుడు ఒక చేయి నా భుజం మీద వేసింది.

కాలేజీ జువాలజీ లెక్చరరు గారు దయతో సూక్ష్మదర్శిని ఇచ్చారు. వెనుక బల్ల మీద పెట్టి ఉంచాను. భోజనాలయ్యాక వరుసగా వచ్చి చూడవచ్చు. రెండు స్లైడులున్నాయి, రెండూ మా ఇంటివే. ఎడమవైపుది నడిమి ముక్క, కుడివైపుది అంచు ముక్క. ముందు గడ్డను చూడకండి, పక్కనున్న గుండ్రని నాళాలను చూడండి. కళ్లద్దాలు తీయనక్కర లేదు, నేను పక్కనే ఉండి తిప్పుతాను.